అపార్ట్‌మెంట్‌కు కొత్తగా వచ్చిన కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది, ఏం చేయాలి?

మాగుంట_లేఅవుట్_మూడో_అంతస్తు
మా పెద్దమ్మాయి ఎంతో కాలంగా అడుగుతుండగా ఈ మధ్యనే రెండు నెలలు నిండిన లాబ్రడార్ పిల్లను నెల్లూరులోని మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాము. పగలంతా బాగానే తింటుంది, ఆడుతుంది, సోఫా కింద దూరి పడుకుంటుంది. రాత్రి దీపాలు ఆర్పి మేము గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోగానే ఏడుపు మొదలవుతుంది, ఒక్కోసారి తెల్లవారుజాము దాకా ఆగదు. బాల్కనీలో మెత్తగా పక్క వేసినా, బొమ్మలు పెట్టినా ఫలితం లేదు. కింది ఫ్లాట్‌లో గుండె జబ్బున్న పెద్దాయన ఉన్నారు. ఆయన మర్యాదగానే చెప్పారు గానీ, అసోసియేషన్ కార్యదర్శి మాత్రం ఇక్కడ కుక్కలకు అనుమతి లేదని వాట్సాప్ గ్రూపులో రాశారు. పైగా ఇల్లంతా ఎక్కడ పడితే అక్కడ తడిపేస్తోంది. మా అత్తగారు నిత్యపూజ చేసుకునే మనిషి, ఆమెకు ఇది మరీ కష్టంగా ఉంది. దీన్ని వెనక్కి ఇవ్వాలని మాకు లేదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

ఒంగోలు_రామ్‌నగర్
ఏడవనివ్వండి. ఏడ్చినప్పుడల్లా దగ్గరికి వెళితే, ఏడిస్తే మనుషులు వస్తారని నేర్చుకుంటుంది. మా నాన్నగారి కాలం నుంచి కుక్కలను ఇలాగే పెంచాము, నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది.

కావలి_పశువైద్యుడు
పై మాటతో నేను ఏకీభవించలేను, కారణం కాస్త వివరంగానే చెబుతాను. రెండు నెలల పిల్ల మొన్నటి వరకు తల్లి పొట్టకు ఆనుకుని, తోబుట్టువుల మీద కాళ్ళు వేసుకుని పడుకున్నది. పుట్టిన తరువాత ఒంటరిగా గడిపే మొదటి రాత్రి దానికి మీ ఇంట్లోనే వస్తుంది. అది ఏడవడం మొండితనం కాదు. తప్పిపోయిన పిల్ల తల్లికి ఆచూకీ తెలియజేసే అరుపు అది. ఎవరూ రాకపోతే కొన్నాళ్ళకు అరుపు ఆగవచ్చు, కానీ భయం తగ్గినందువల్ల ఆగిందని చెప్పలేము. ఇలా వదిలేసిన పిల్లల్లో కొన్ని పెద్దయ్యాక కూడా ఇంట్లో ఒంటరిగా ఉండలేక తలుపులు గీరడం, గంటల తరబడి మొరగడం నేను వైద్యశాలలో చూస్తూనే ఉన్నాను.

ముందుగా దాని పక్కను బాల్కనీ నుంచి తీసేయండి. మీరు పడుకునే చోటనే, మీ చెయ్యి అందేంత దూరంలో, అంచులు ఎత్తుగా ఉన్న అట్టపెట్టె గానీ బుట్ట గానీ పెట్టి అందులో పాత చీర పరవండి. ఆ చీరను ఒక పూట మీ ఒంటికి చుట్టుకుని ఉంటే మీ వాసన పడుతుంది. పిల్లను తెచ్చిన చోట తల్లి పడుకున్న గుడ్డ ముక్క దొరికితే మరీ మంచిది. రాత్రి కూసినప్పుడు దీపం వేయకుండా, మాట్లాడకుండా, చెయ్యి దించి దాని వీపు మీద ఆనించండి. చాలా పిల్లలు అంతటితోనే కళ్ళు మూస్తాయి. రాత్రులు ప్రశాంతంగా గడవడం మొదలయ్యాక బుట్టను రోజుకు కొంచెం కొంచెంగా తలుపు వైపు, ఆ తరువాత హాలులోకి జరుపుకుంటూ పోవచ్చు.

ఒంగోలు_రామ్‌నగర్
డాక్టరు గారి మాట కాదనను. అయితే మా కుక్కలు పెరిగినది పెరడున్న ఇంట్లో, తోడుగా మరో కుక్క ఎప్పుడూ ఉండేది. ఫ్లాట్‌లో ఒంటి పిల్ల సంగతి వేరు కావచ్చు.

వేదాయపాళెం_పూలతోట
చెయ్యి అందేంత దూరం అంటే పడకగది. పెద్దవాళ్ళూ, మడీ ఉన్న ఇంట్లో అది అందరికీ కుదరదమ్మా. మా ఇంట్లో మేము చేసినది చెబుతాను. హాలులోనే బుట్ట పెట్టి, మా అబ్బాయి దాని పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. వంటింటికీ పూజ గదికీ అడ్డంగా నడుము ఎత్తు చెక్క గేటు పెట్టించాము. కుక్కకు మొదటి రోజు నుంచే ఎల్లలు తెలిశాయి, మా అత్తగారి మనసూ కుదుటపడింది. కొన్నాళ్ళకు ఆమే అన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళను ఒప్పించడానికి వాదన పనికిరాదు. వాళ్ళ చోటుకు కుక్క రాదన్న భరోసా ఇస్తే చాలు.

మాగుంట_లేఅవుట్_మూడో_అంతస్తు
పూలతోట అక్కా, గేటు ఆలోచన మాకు తట్టలేదు, రేపే వడ్రంగిని పిలిపిస్తాను. డాక్టరు గారూ, ఈ రాత్రి నుంచే హాలులో నేను చాప వేసుకుంటాను. మూత్రం సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

కందుకూరు_లెక్కల_మాస్టారు
అది నేను చెబుతాను. కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదన్న దానికి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. అంటే రెండు నెలల పిల్లకు గరిష్ఠంగా మూడు గంటలు, అది కూడా కదలకుండా పడుకున్నప్పుడు. మేలుకుని ఆడుతుంటే గంట కూడా ఆగదు. అందువల్ల అది తడిపేసిన తరువాత కోప్పడటం కన్నా, తడపకముందే చోటుకు చేర్చడం మన పని అవుతుంది. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే, రాత్రి పడుకునే ముందు తప్పకుండా తీసుకువెళ్ళాలి. నడిరాత్రి ఒకసారి మీరే అలారం పెట్టుకుని లేవండి.

పిల్లను బాగా గమనిస్తే ముందే తెలుస్తుంది. ఆడుతున్న బొమ్మను ఉన్నట్టుండి వదిలేస్తుంది. ముక్కు నేలకు ఆనించి, ఇంతకు ముందు వాసన చూసిన చోటనే మళ్ళీ మళ్ళీ చూస్తుంది, చిన్న వలయంగా తిరుగుతుంది, వెనక కాళ్ళు కొంచెం ఎడంగా పెడుతుంది. ఆ క్షణంలో కేకలు వేయకుండా ఎత్తుకుని చోటుకు చేర్చాలి. అక్కడ పని పూర్తయిన వెంటనే, లోపలికి వచ్చాక కాదు, అక్కడే ఒక చిన్న తినుబండారం ఇచ్చి మెచ్చుకోవాలి. చాలామంది ఇంట్లోకి వచ్చాక ఇస్తారు. అప్పుడు పిల్ల ఇంట్లోకి వచ్చినందుకు బహుమతి దొరికిందని అనుకుంటుంది.

ఫ్లాట్ వారికి ఒక సౌకర్యం చెబుతాను. బాల్కనీ మూలన వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెంలో గడ్డి పలక గానీ పాత వార్తాపత్రికలు గానీ పరిచి ఆ ఒక్క చోటుకే అలవాటు చేయండి. ప్రతిసారీ లిఫ్టు కోసం నిలబడి మూడు అంతస్తులు దిగేలోపు ఆ పిల్ల ఆగలేదు. పత్రిక మార్చేటప్పుడు తడిసిన ముక్కను కాస్త అడుగున ఉంచితే ఆ వాసనకు మళ్ళీ అక్కడికే వెళుతుంది.

దర్గామిట్ట_గృహిణి
మేము ఫినాయిలు పోసి తుడుస్తాము, అయినా అక్కడే పోస్తోంది.

కావలి_పశువైద్యుడు
ఫినాయిలు వద్దమ్మా. పిల్ల నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఆ మందు దాని కడుపులోకి పోతుంది. అమోనియా కలిసిన ద్రావణాలూ వద్దు. మూత్రం వాసన కూడా అటువంటిదే కాబట్టి అవి ఆ చోటుకు పిలిచినట్టే అవుతుంది. ముందు పొడిగుడ్డతో పీల్చేటట్టు ఒత్తి, సబ్బు నీళ్ళతో కడిగి, ఆపైన నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవండి. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైము ద్రావణం దొరికితే ఇంకా మేలు. టైల్స్ సందుల్లో మిగిలిన వాసన మనకు తెలియదు గానీ దానికి తెలుస్తుంది.

స్టోన్‌హౌస్‌పేట_ఇంజనీరు
బోను గురించి ఎవరూ చెప్పలేదు. పిల్ల లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్ళు చాచుకుని పడుకోగలిగేంత బోనులో అది పడుకునే చోటును తడపకుండా ఆపుకోవడం నేర్చుకుంటుంది. మా పిల్ల ఇప్పుడు తనంతట తానే వెళ్ళి పడుకుంటుంది.

వేదాయపాళెం_పూలతోట
బోను పేరు చెప్పి గంటల తరబడి మూసి ఉంచేవారిని చూశాము నాయనా. పసిపిల్లను ఇనుప చువ్వల మధ్య పెట్టడానికి నా మనసు ఒప్పదు.

స్టోన్‌హౌస్‌పేట_ఇంజనీరు
అత్తయ్య గారూ, మూసి ఉంచేది చాలా కాలం తరువాత. మొదట తలుపు తీసి ఉంచి, అన్నం గిన్నె లోపల పెట్టాలి. తిని బయటకు వస్తే రానివ్వాలి. తనే లోపల పడుకోవడం మొదలుపెట్టాక, మనం ఎదురుగా కూర్చుని ఒక్క నిమిషం మూసి తెరవాలి. శిక్షగా మాత్రం ఒక్కసారి కూడా లోపల వేయకూడదు, వేస్తే ఆ బోను ఇక ఎందుకూ పనికిరాదు. పైన దుప్పటి కప్పితే గుహలా చీకటిగా ఉండి దానికి హాయిగా ఉంటుంది, కానీ మన ఎండాకాలంలో గాలి ఆడేలా రెండు వైపులు తెరిచి ఉంచాలి.

దర్గామిట్ట_న్యాయవాది
అసోసియేషన్ విషయం నేను చెబుతాను. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించజాలవు, సర్వసభ్య సమావేశంలో మెజారిటీతో తీర్మానించినా అది చెల్లదు. కుక్కతో లిఫ్టు ఎక్కవద్దని అనడం, అందుకు అదనపు రుసుము వసూలు చేయడం కూడా కుదరదు. మొరగడాన్ని కారణంగా చూపి కుక్కను పంపించేయమని ఒత్తిడి చేయరాదని కూడా అందులో ఉంది. అదే పత్రంలో యజమానులకూ బాధ్యతలు చెప్పారు. ఉమ్మడి ప్రదేశాల్లో పట్టీతో నడిపించాలి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోవాలి.

ఇక బాల్కనీలో కట్టేసి ఉంచే వారికి ఒక మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం జంతువును మరీ పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసో, మూసేసో ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే.

అయినా మీరు ఈ కాగితం చేతిలో పట్టుకుని మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు కింది పెద్దాయన దగ్గరికి పిల్లను తీసుకుని వెళ్ళండి. ఏం చేస్తున్నారో, ఎన్నాళ్ళలో తగ్గుతుందనుకుంటున్నారో చెప్పి, రాత్రి ఇబ్బందైతే నేరుగా ఫోను చేయమనండి. చట్టం మీకు హక్కు ఇస్తుంది గానీ పదేళ్ళకు పైగా పక్కపక్కన బతకాల్సింది మీరూ వాళ్ళే.

మాగుంట_లేఅవుట్_మూడో_అంతస్తు
హాలులో పక్క మార్చిన దగ్గర నుంచి ఏడుపు బాగా తగ్గింది. నడిరాత్రి ఒకసారి కుయ్ మంటుంది, అప్పుడు పళ్ళెం దగ్గరకు తీసుకువెళితే పని ముగించుకుని మళ్ళీ పడుకుంటోంది. న్యాయవాది గారూ, పెద్దాయనను కలిశాము. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉన్న కుక్క గురించి చాలాసేపు మాట్లాడారు. కార్యదర్శి గారికి మార్గదర్శకాల ప్రతిని మర్యాదగా పంపాను, ఇంకా జవాబు లేదు.

పొదలకూరు_రోడ్డు_దంపతులు
మేమిద్దరమూ ఉద్యోగులమే. పొద్దున తొమ్మిదికి వెళితే సాయంత్రం ఆరు అవుతుంది. ఇది చదివాక కుక్కపిల్లను తేవాలన్న ఆలోచన సరైనదేనా అని సందేహం వచ్చింది.

కందుకూరు_లెక్కల_మాస్టారు
రెండు నెలల పిల్ల అయితే తేవద్దు. తొమ్మిది గంటలు ఒంటరిగా ఉండటం దానికి సాధ్యం కాదు.

కావలి_పశువైద్యుడు
మాస్టారు సూటిగా చెప్పారు, నేనూ దాదాపు అదే అంటాను. మధ్యాహ్నం వచ్చి చూసే మనిషి ఉంటే తప్ప వద్దు. వాచ్‌మన్ కుటుంబమో, పక్క ఫ్లాట్‌లో రిటైరైన వారో మధ్యలో వచ్చి అన్నం పెట్టి కాసేపు తిప్పగలిగితే కుదురుతుంది. లేదా ఏడాది దాటిన, మనుషులకు అలవాటుపడిన కుక్కను దత్తత తీసుకోండి. వీధి కుక్కల్లోనూ, యజమానులు వదిలేసిన వాటిలోనూ అటువంటివి చాలా ఉంటాయి.

పిల్లను తెచ్చుకున్నవారు కూడా మొదటి రోజు నుంచే ఒంటరితనాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మనం బయలుదేరే ముందు తాళం చెవులు గలగలమంటాయి, చెప్పులు చప్పుడవుతాయి. వారం తిరగకముందే పిల్ల ఆ శబ్దాలను పోల్చుకుని కంగారు పడుతుంది. అందుకని ఎక్కడికీ వెళ్ళని వేళల్లో కూడా తాళాలు తీసి మళ్ళీ పెట్టేయండి. గుమ్మం దాటి ఒక నిమిషం నిలబడి లోపలికి రండి, మరునాడు ఇంకొంచెం ఎక్కువ. వెళ్ళేటప్పుడు బుజ్జగింపు, వచ్చినప్పుడు ఆర్భాటం రెండూ తగ్గించండి.

దర్గామిట్ట_గృహిణి
టీకాలు పూర్తయ్యేదాకా కిందికి దించవద్దన్నారు. మరి అంతకాలం నాలుగు గోడల మధ్యే ఉంటే మనుషులకు ఎలా అలవాటు పడుతుంది?

కావలి_పశువైద్యుడు
మంచి ప్రశ్న. రెండూ నిజమే. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాల వయసు దాకా ఇస్తాము. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పుల ద్వారా కూడా ఇంట్లోకి వస్తుంది, రక్త విరేచనాలతో పసి కుక్కపిల్లలను చాలా త్వరగా తీసుకుపోతుంది. కాబట్టి చెప్పులు గుమ్మం బయటే ఉంచండి, వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి.

అయితే మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల మనసు కొత్త విషయాలను భయం లేకుండా స్వీకరించే కాలం, అది పోతే మళ్ళీ రాదు. అందువల్ల చంకలో ఎత్తుకుని బయటకు తీసుకువెళ్ళండి. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, ఆటో హారన్లు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, కర్రతో నడిచే పెద్దాయన, స్కూలు పిల్లల గోల, అన్నీ చేతుల్లో ఉండే చూడనివ్వండి. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ మొదట దూరం నుంచి వినిపించి, ఆ సమయంలో నోటికి ఏదైనా అందించండి.

ఉలవపాడు_మామిడితోట
మా మనవడి చేతులన్నీ పంటి గాట్లే. కొడితే ఇంకా ఎక్కువగా కొరుకుతోంది.

స్టోన్‌హౌస్‌పేట_ఇంజనీరు
కొట్టవద్దు బాబాయ్ గారూ, చెయ్యి ఆడించినా చెయ్యి ఎత్తినా దానికి ఆటే. కొరకగానే ఆట ఆపేసి, చెయ్యి కదలకుండా ఉంచి, ముఖం పక్కకు తిప్పుకోవాలి. వెంటనే నమలడానికి తగిన వస్తువు ఇవ్వాలి. నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి కాబట్టి చిగుళ్ళ దురద ఉంటుంది. గుడ్డను తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే, ఎదురుగా కూర్చుని నమలనిస్తే ఉపశమనంగా ఉంటుంది.

కావలి_పశువైద్యుడు
ఉలవపాడు పెద్దాయన గారూ, ఒక ముఖ్య విషయం. రేబిస్ టీకా ఇంకా పడని పిల్ల పంటితో రక్తం వస్తే ఆటలో గీసుకుందిలే అని వదిలేయకండి. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పూయకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి డాక్టరు చెప్పినట్టు టీకా వేయించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా మాత్రం సకాలంలో పడితే రక్షణ ఇస్తుంది.

మీది మామిడితోట కాబట్టి ఇదీ చెబుతాను. టెంకతో ఆడుకోనివ్వకండి. మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళుతుంది.

వేదాయపాళెం_పూలతోట
తిండి గురించి అడగాలి. మా వైపు ఇళ్ళలో మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టేస్తారు. అది మంచిదేనా డాక్టరు గారూ?

కావలి_పశువైద్యుడు
వద్దమ్మా. పులుసులోని కారం, ఉప్పు, చింతపండు ఒక ఎత్తు, ఉల్లి, వెల్లుల్లి మరో ఎత్తు. ఆ రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ముళ్ళు గొంతులో గుచ్చుకుంటాయి. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగును చీలుస్తాయి, కాబట్టి అవీ వద్దు. చాక్లెట్, ద్రాక్ష, పరమాన్నంలో వేసే కిస్మిస్ విషంతో సమానం. మనం వేసుకునే జ్వరం మాత్రలూ నొప్పి మాత్రలూ ఇవ్వనే కూడదు. వచ్చిన మొదటి వారం అది పాత చోట ఏం తినేదో అదే పెట్టండి, ఆ తరువాత కొత్త ఆహారాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఆవు పాలు చాలా పిల్లలకు విరేచనాలు పట్టిస్తాయి. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, కాస్త గుమ్మడికాయ అయితే ఫరవాలేదు. ఈ వయసులో రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి.

ఒంగోలు_రామ్‌నగర్
మన ప్రాంతపు ఎండల మాట కూడా చెప్పుకోవాలి. రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిదికే రోడ్డు కాలుతుంది. అరచేతి వెనుక భాగం తారు మీద ఆనించి ఏడెనిమిది లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. మేము తెల్లవారుజామునే తిప్పుకుని వస్తాము. తిరిగి వచ్చాక చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో తప్పకుండా చూస్తాము. ఆ పిడుదుల జ్వరంతోనే మా పాత కుక్క పోయింది, అందుకే నొక్కి చెబుతున్నాను.

దర్గామిట్ట_గృహిణి
నెల్లూరు దోమల సంగతో? రాత్రంతా కాయిల్ వెలిగిస్తాము.

కావలి_పశువైద్యుడు
మూసిన గదిలో కాయిల్ పొగ నేలకు దగ్గరగా పడుకునే పిల్లకు మంచిది కాదు. బుట్ట మీద పసిపిల్లల దోమతెర వేయండి. దోమల వల్ల గుండె పురుగు వ్యాధి కూడా కుక్కలకు సోకుతుంది, నివారణ మందు గురించి మీ డాక్టరును అడగండి.

మాగుంట_లేఅవుట్_మూడో_అంతస్తు
చెక్క గేటు బిగించారు, మా అత్తగారు దాని అవతలి నుంచి పిల్లతో మాట్లాడుతున్నారు. అమ్మాయి మాత్రం మైపాడు బీచికి ఎప్పుడు తీసుకువెళదామని రోజూ అడుగుతోంది. టీకాలు పూర్తి కాగానే వెళ్ళవచ్చా?

కావలి_పశువైద్యుడు
చివరి మోతాదు పడ్డాక కనీసం రెండు వారాలు ఆగండి. వెళ్ళేటప్పుడు సూర్యోదయం వేళకు అక్కడ ఉండండి, ఇసుక వేడెక్కకముందే వచ్చేయండి. పొడవైన తాడు కట్టండి. వలల నుంచి పారేసిన చేపలు ఒడ్డున పడి ఉంటాయి, వాటిలో విషం ఉండే బుడగ చేపలూ ఉండవచ్చు, గాలాలూ దారం ముక్కలూ ఉంటాయి. ఏదీ నోట పెట్టనివ్వకండి. సముద్రపు నీళ్ళు తాగితే వాంతులవుతాయి కాబట్టి మంచినీళ్ళూ గిన్నె వెంట తీసుకువెళ్ళండి. ఇంటికి రాగానే ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, చెవులు పొడిగా తుడవండి.